.32 రివాల్వర్, .315 రైఫిల్.. అంకెలు దగ్గరే, శక్తిలో 15 రెట్ల తేడా ఎందుకు? తుపాకీ పెట్టుకోవడం మన హక్కేనా?

‘9 ఎంఎం పిస్టల్ స్వాధీనం’, ‘లైసెన్సుడ్ రివాల్వర్‌తో బెదిరింపు’, ‘ఏకే-47తో కాల్పులు’.. ఇలాంటి వార్తలు మీరు తరచూ చదువుతూనే ఉంటారు. వాటిలో కనిపించే అంకెలను బట్టి చాలామంది ఒక అంచనాకు వచ్చేస్తారు. అంకె పెద్దదైతే తుపాకీ శక్తిమంతమైనదని, చిన్నదైతే ప్రమాదం తక్కువని అనుకుంటారు. నిజానికి ఆ అంకెకూ శక్తికీ నేరుగా సంబంధం లేదు.

ఇంకో విచిత్రం కూడా ఉంది. మన దేశంలో 9 ఎంఎం పిస్టల్‌కు సామాన్య పౌరుడికి జిల్లా స్థాయిలో లైసెన్సు ఇవ్వరు. దానికంటే దాదాపు అయిదు రెట్లు శక్తి ఉన్న .315 రైఫిల్‌కు మాత్రం దరఖాస్తు చేసుకోవచ్చు. చట్టం గీత ఎక్కడ గీసింది? ఎందుకలా గీసింది? ప్రాణభయం ఉందంటే ప్రభుత్వం తుపాకీ ఇవ్వాల్సిందేనా? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఆ అంకెకు అర్థం ఏమిటి?

ముందు రెండు పదాలు. మనం మామూలుగా ‘తూటా’ అనేది నిజానికి నాలుగు భాగాల కూర్పు. ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు పుట్టించే చిన్న ప్రైమర్, లోపల మందు, పైన లోహపు ముక్క. ఈ మొత్తాన్ని కార్ట్రిడ్జ్ అంటారు. ట్రిగ్గర్ నొక్కినప్పుడు తుపాకీ గొట్టంలోంచి దూసుకెళ్లే లోహపు ముక్క ఒక్కటే బుల్లెట్.

.32, .315, 9 ఎంఎం వంటి అంకెలు బుల్లెట్ లేదా గొట్టం వెడల్పు ఎంతో సుమారుగా చెబుతాయి. .32 అంటే అంగుళంలో వందకు 32 వంతులు, అంటే దాదాపు 8 మిల్లీమీటర్లు. .315 కూడా 8 మిల్లీమీటర్లే. వెడల్పు చూస్తే రెండూ అన్నదమ్ములు. కానీ .32 రివాల్వర్ బుల్లెట్ శక్తి 150 జౌళ్ల చుట్టూ ఉంటే, .315 రైఫిల్ బుల్లెట్‌ది 2,500 జౌళ్ల పైమాటే.

పైపు వెడల్పు చూసి నీళ్లు ఎంత జోరుగా వస్తాయో చెప్పలేం కదా. వెనక మోటారు ఎంతటిదన్నది ముఖ్యం. ఇక్కడా అంతే.

శక్తిని ఎలా లెక్కిస్తారు?

హైస్కూల్లో చదువుకున్న గతిజ శక్తి సూత్రం గుర్తుందా? ద్రవ్యరాశిని వేగం వర్గంతో గుణించి రెండుతో భాగించాలి. ఇందులో కీలకం ‘వేగం వర్గం’. బరువు రెట్టింపైతే శక్తి రెట్టింపే అవుతుంది. వేగం రెట్టింపైతే మాత్రం శక్తి నాలుగింతలవుతుంది. 40 కిలోమీటర్ల వేగంలో బైకు గుద్దితే తగిలే దెబ్బకూ, 80లో గుద్దితే తగిలే దెబ్బకూ తేడా రెట్టింపు కాదు, నాలుగింతలు.

తుపాకుల్లో దీనికి చక్కటి ఉదాహరణ ఉంది. 9 ఎంఎం పిస్టల్ బుల్లెట్ బరువు సుమారు 8 గ్రాములు. ఏకే-47లో వాడే 7.62 ఎంఎం బుల్లెట్ బరువు కూడా దాదాపు అంతే. కానీ పిస్టల్ బుల్లెట్ సెకనుకు 350 మీటర్ల చుట్టూ వెళితే, ఏకే బుల్లెట్ 700 మీటర్లు దాటి వెళుతుంది. ఫలితంగా మొదటిదాని శక్తి 500 జౌళ్ల దగ్గర ఆగితే, రెండోది 2,000 దాటుతుంది. అంకె ప్రకారం 9 పెద్దది, 7.62 చిన్నది. శక్తిలో లెక్క తారుమారు.

పిస్టల్‌కు, రైఫిల్‌కు ఎందుకంత తేడా?

కారణాలు ప్రధానంగా మూడు.

మొదటిది మందు. 9 ఎంఎం కార్ట్రిడ్జ్‌లో మందు అర గ్రాము కూడా ఉండదు. ఏకే-47 కార్ట్రిడ్జ్‌లో గ్రామున్నర చుట్టూ ఉంటుంది. రైఫిల్ కార్ట్రిడ్జ్ పొడుగ్గా, సీసాలా కింద లావుగా, మెడ దగ్గర సన్నగా ఉండేది అందుకే. సన్నటి బుల్లెట్ వెనక ఎక్కువ మందు పట్టాలి.

రెండోది గొట్టం పొడవు. మందు మండి పుట్టిన వాయువు బుల్లెట్‌ను గొట్టం చివరిదాకా తోస్తూనే ఉంటుంది. పిస్టల్ గొట్టం 10–12 సెంటీమీటర్లు ఉంటే, ఏకే-47 గొట్టం 41 సెంటీమీటర్లకు పైనే. తోసే దూరం ఎక్కువైతే వేగమూ పెరుగుతుంది.

మూడోది మనిషి చెయ్యి. పిస్టల్‌ను చేతులతోనే పట్టుకుని కాల్చాలి. పేల్చినప్పుడు వెనక్కి తన్నే దెబ్బను మణికట్టు తట్టుకోవాలి. రైఫిల్‌కు భుజం ఆనిక ఉంటుంది, తుపాకీ బరువు కూడా ఆ దెబ్బలో కొంత మింగేస్తుంది. కాబట్టి పిస్టల్‌లో పెట్టగల శక్తికి ఒక హద్దు ఉంది.

తెలిసిన కొన్ని కార్ట్రిడ్జ్‌ల శక్తి సుమారుగా ఇలా ఉంటుంది. తయారీని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది.

• .22 (షూటింగ్ క్రీడల్లో వాడేది): 140 జౌళ్లు
• .32 రివాల్వర్: 150 జౌళ్లు
• 9 ఎంఎం పిస్టల్: 500 జౌళ్లు
• 5.56 ఎంఎం (ఇన్సాస్ రైఫిల్): 1,700 జౌళ్లు
• 7.62 ఎంఎం (ఏకే-47): 2,000 జౌళ్లు
• .315 రైఫిల్: 2,500 జౌళ్లకు పైనే
• .303 రైఫిల్: 3,000 జౌళ్లకు పైనే

పోలీసులు చొక్కా లోపల వేసుకునే మెత్తటి బుల్లెట్ ప్రూఫ్ జాకెట్ పిస్టల్ బుల్లెట్‌ను ఆపగలదు కానీ, రైఫిల్ బుల్లెట్ ముందు నిలవదు. దానికి సిరామిక్ లేదా ఉక్కు వంటి గట్టి పలకలు అమర్చాల్సిందే. జాకెట్ల నాణ్యతకు భారతీయ ప్రమాణాల సంస్థ 2018లో తెచ్చిన ఐఎస్ 17051 ప్రమాణం కూడా ఎదురయ్యే బుల్లెట్‌ను బట్టి రక్షణ స్థాయిలను వేరు చేసింది.

శక్తి తక్కువైతే ప్రమాదం తక్కువా?

ఇక్కడే చాలామంది పొరపడతారు. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే క్రికెట్ బంతి శక్తి లెక్కవేస్తే దాదాపు 120 జౌళ్లు. .22 బుల్లెట్‌ది 140. పెద్ద తేడా లేదు. బంతి తగిలితే బ్యాటర్‌కు కమిలిపోతుంది, ఒక్కోసారి ఎముక విరుగుతుంది. బుల్లెట్ మాత్రం లోపలికి చొచ్చుకుపోతుంది. ఎందుకంటే బంతి శక్తి ఏడు సెంటీమీటర్ల వెడల్పు మీద పడితే, బుల్లెట్ శక్తి అంతా అయిదున్నర మిల్లీమీటర్ల చుక్క మీద పడుతుంది. సూదికీ రోకలికీ ఉన్న తేడా లాంటిదే ఇది.

కాబట్టి ‘చిన్న తుపాకీయే కదా’ అనే మాటకు అర్థం లేదు. గుండె, మెదడు, పెద్ద రక్తనాళం వంటి చోట తగిలితే .22 కూడా ప్రాణం తీస్తుంది. రైఫిల్ బుల్లెట్ చేసే గాయం మరింత భయంకరం. దాని వేగానికి చుట్టుపక్కల కండ కూడా సాగి చిరిగిపోతుంది కనుక, బుల్లెట్ వెళ్లిన దారి కంటే గాయం చాలా పెద్దదవుతుంది.

అయినా, నేరాల దగ్గరికొస్తే శక్తి కంటే దాచుకునే వీలే ఎక్కువ ముఖ్యం. అమెరికాలో తుపాకీ హత్యల్లో ఆయుధం ఏదో తెలిసిన కేసులను చూస్తే, రైఫిళ్ల కంటే చేతి తుపాకులతో జరిగినవే చాలా ఎక్కువ. చొక్కా కింద పట్టేది, జేబులో ఒదిగేది అదే కదా.

మరి మన చట్టం గీత ఎక్కడ గీసింది?

మన దగ్గర ఆయుధాల చట్టం 1959లో వచ్చింది. దాని కింద ప్రస్తుతం అమల్లో ఉన్నవి 2016 నాటి నిబంధనలు. ఇవి తుపాకులను ప్రధానంగా రెండు రకాలుగా విడదీస్తాయి. ఒకటి నిషేధిత బోర్ (పీబీ), రెండోది నిషేధం లేని బోర్ (ఎన్‌పీబీ).

ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే వరుసగా పేలే ఆటోమేటిక్ తుపాకులు నిషేధిత జాబితాలో ఉన్నాయి. వాటితో పాటు .303, 7.62 ఎంఎం రైఫిళ్లు, సర్వీస్ 9 ఎంఎం, .45 కార్ట్రిడ్జ్‌లు పట్టే పిస్టళ్లు, పాత సర్వీస్ రివాల్వర్ల .380, .455 బోర్లు కూడా ఉన్నాయి. ఈ రెండో బృందాన్ని కలిపేది శక్తి కాదు. ఇవన్నీ సైన్యం, పోలీసులు వాడే లేదా ఒకప్పుడు వాడిన కార్ట్రిడ్జ్‌లు. ప్రభుత్వ గిడ్డంగి నుంచి కార్ట్రిడ్జ్‌లు దారి మళ్లినా, వాటిని పేల్చగల తుపాకీ బయట ఉండకూడదన్నది దీని వెనక ఆలోచన.

ఈ ఆలోచన బ్రిటిష్ కాలం నాటిది. 1857 తిరుగుబాటు చూసిన పాలకులు 1878లో తెచ్చిన చట్టంతో భారతీయులకు లైసెన్సు తప్పనిసరి చేశారు, యూరోపియన్లకు మినహాయింపు ఇచ్చారు. సైన్యం వాడే .303 పౌరులకు అందకుండా చూశారు. ఆ ఖాళీలోకి వచ్చి పాతుకుపోయిందే .315. అందుకే శక్తిలో .303కు దగ్గరగా ఉన్నా ఇది నేటికీ ఎన్‌పీబీ జాబితాలోనే ఉంది.

శక్తిని నేరుగా జౌళ్లలో కొలిచే నిబంధన కూడా ఒకటుంది. అది ఎయిర్‌గన్‌లకు సంబంధించినది. శక్తి 20 జౌళ్లు దాటినా, బోర్ 4.5 ఎంఎం (.177) దాటినా ఎయిర్‌గన్‌కూ లైసెన్సు కావాల్సిందే. ఆన్‌లైన్‌లో ఎయిర్‌గన్ కొనేటప్పుడు ఈ రెండు అంకెలూ చూసుకోండి.

తుపాకీ హక్కా, అనుమతా?

అమెరికా రాజ్యాంగానికి 1791లో చేరిన రెండో సవరణ ఆయుధాలు కలిగి ఉండే హక్కు గురించి చెబుతుంది. అది ప్రతి వ్యక్తికీ ఉన్న హక్కని, ఆత్మరక్షణకు ఇంట్లో చేతి తుపాకీ ఉంచుకోవచ్చని అక్కడి సుప్రీంకోర్టు 2008లో హెల్లర్ కేసులో తేల్చింది. అక్కడ ప్రభుత్వం ఆంక్ష పెట్టాలంటే ఎందుకో అదే చెప్పుకోవాలి. అలాగని అక్కడున్న అందరికీ ఈ వెసులుబాటు లేదు. ఎఫ్-1, హెచ్-1బీ వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని అక్కడి ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. మీ పిల్లలు అక్కడ చదువుతుంటే ఈ మాట చెప్పి ఉంచండి.

మన దగ్గర పరిస్థితి వేరు. 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానంలో నియమాలకు లోబడి ఆయుధాలు కలిగి ఉండే హక్కును కూడా చేర్చారు. వలస పాలకుల చట్టం మీద ఉన్న కోపం అందులో కనిపిస్తుంది. కానీ 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి.కామత్ ఈ హక్కును ప్రాథమిక హక్కుల్లో చేర్చాలని ప్రతిపాదించినప్పుడు అంబేడ్కర్ ఒప్పుకోలేదు. ఎవరికి వారు అడ్డూఅదుపూ లేకుండా బజారులో ఆయుధాలు కొనుక్కుంటే పరిపాలన ఎలా సాగుతుందన్నది ఆయన వాదన. చివరికి రాజ్యాంగంలో మిగిలింది 19(1)(బి) అధికరణం. శాంతియుతంగా, ‘ఆయుధాలు లేకుండా’ సమావేశమయ్యే హక్కు అది.

2023 ఫిబ్రవరిలో లైసెన్సు లేని తుపాకుల సమస్యను సుమోటోగా చేపట్టినప్పుడు సుప్రీంకోర్టు కూడా ఇదే గుర్తు చేసింది. అమెరికాలోలా ఇక్కడ ఆయుధం ప్రాథమిక హక్కు కాదని పేర్కొంది.

ఆత్మరక్షణ హక్కు సంగతేమిటని మీరు అడగొచ్చు. అది ఉంది. భారతీయ న్యాయ సంహితలోని 34 నుంచి 44 వరకు సెక్షన్లు దాని గురించే. అయితే దాడి జరిగినప్పుడు కాపాడుకునే హక్కు వేరు, అందుకోసం ముందే తుపాకీ దగ్గర ఉంచుకునే హక్కు వేరు. రెండోది చట్టం ఇచ్చే అనుమతి మాత్రమే. షరతులుంటాయి, వెనక్కి తీసుకునే వీలూ ఉంటుంది. కర్ణాటకలో కొడవ సమాజం వంటి కొందరికి సంప్రదాయం దృష్ట్యా లైసెన్సు నుంచి మినహాయింపు ఉంది. దాన్ని కూడా కాలపరిమితితోనే ఇస్తున్నారు. ప్రస్తుత గడువు 2029 వరకు.

లైసెన్సుకు దరఖాస్తు చేయాలంటే?

• ఎవరికి: పోలీసు కమిషనరేట్ పరిధిలో ఉంటే కమిషనర్‌కు, మిగతా చోట్ల కలెక్టర్‌కు. దరఖాస్తు ఎన్‌డీఏఎల్–ఏలిస్ పోర్టల్‌లో మొదలుపెట్టాలి. నిషేధిత బోర్ అయితే కేంద్ర హోంశాఖ అనుమతి తప్పనిసరి.

• వయసు: 21 ఏళ్లు నిండాలి. షూటింగ్ క్రీడాకారులకు వేరే నిబంధనలున్నాయి.

• పత్రాలు: గుర్తింపు, చిరునామా, వయసు ధ్రువపత్రాలు, ఫొటోలు, శారీరక, మానసిక ఆరోగ్యంపై వైద్యుడి సర్టిఫికెట్, ఆయుధం వాడకంలో భద్రతా శిక్షణ, దాన్ని ఎక్కడ ఎలా భద్రపరుస్తారో హామీ.

• విచారణ: స్థానిక పోలీసులు మీ నేపథ్యం, కేసులు, ముప్పు నిజమేనా అన్నది చూస్తారు. 2016 నిబంధనల ప్రకారం పోలీసులు 30 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. నివేదిక అందాక 60 రోజుల్లో అధికారి నిర్ణయం తీసుకోవాలి.

• తిరస్కరిస్తే: కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలని సెక్షన్ 14 చెబుతోంది. ప్రజా ప్రయోజనం దృష్ట్యా తప్ప, మీరు అడిగితే వాటిని ఇవ్వాలి. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో తిరస్కరించకూడదు. సెక్షన్ 18 కింద పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు.

• ఎన్ని: 2019 సవరణ తర్వాత ఒకరికి గరిష్ఠంగా రెండు తుపాకులే. అంతకుముందు మూడు ఉండేవి. లైసెన్సు కాలపరిమితిని మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెంచారు.

లైసెన్సు చేతికి వచ్చాక కూడా తుపాకీ మీ ఇష్టం కాదు. ఏ బోర్, ఎన్ని కార్ట్రిడ్జ్‌లు, ఏ ప్రాంతం వరకు చెల్లుబాటు అన్నవి అందులోనే రాసి ఉంటాయి. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు స్టేషన్‌లో డిపాజిట్ చేయమని పోలీసులు నోటీసు ఇవ్వొచ్చు. శాంతిభద్రతలకు భంగమని భావిస్తే లైసెన్సును సస్పెండ్ చేయొచ్చు, రద్దూ చేయొచ్చు.

పెళ్లి ఊరేగింపులో సరదాకి గాల్లోకి కాల్చి ఇతరుల ప్రాణాల మీదికి తెస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడొచ్చు. ఇది 2019లో చేర్చిన నిబంధన. పైన చూసిన లెక్కల్లో అన్నిటికంటే చిన్నదైన .22 బుల్లెట్ కూడా అనువైన కోణంలో కిలోమీటరున్నర దాకా వెళ్లగలదు. గాల్లోకి కాల్చింది ఎక్కడో ఒకచోట దిగాల్సిందే.

ఇంట్లో తాతగారి తుపాకీ ఉందా?

లైసెన్సున్న పెద్దాయన చనిపోతే ఆ లైసెన్సు కుటుంబానికి దానంతట అది బదిలీ కాదు. బీరువాలో అలాగే ఉంచేస్తే అది లైసెన్సు లేని ఆయుధమే అవుతుంది. ఆలస్యం చేయకుండా స్టేషన్‌లో గానీ, లైసెన్సున్న ఆయుధ డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేసి రసీదు తీసుకోండి. తర్వాత వారసుల్లో ఒకరు తమ పేరు మీద లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు, లేదా చట్టప్రకారం అమ్మేయొచ్చు.

తుపాకీ లేకపోయినా కార్ట్రిడ్జ్ ఒక్కటి దగ్గరున్నా చిక్కే. పాత బ్యాగు అరలో మిగిలిపోయిన తూటా విమానాశ్రయం స్కానర్‌లో కనిపించి కేసులు నమోదైన సందర్భాలున్నాయి. తూటాకూ లైసెన్సు కావాలి. లైసెన్సుదారులైతే ప్రయాణానికి ముందు బ్యాగు ఒకసారి దులిపి చూసుకోవడం మేలు.

నిర్ణయం తీసుకునే ముందు..

స్మాల్ ఆర్మ్స్ సర్వే 2018లో ఇచ్చిన అంచనా ప్రకారం భారత్‌లో పౌరుల దగ్గర సుమారు 7.1 కోట్ల తుపాకులున్నాయి. వాటిలో లైసెన్సు ఉన్నవి కోటి లోపే. అంటే చట్టప్రకారం అడిగేవారి కంటే అడగనివారే చాలా ఎక్కువ. లైసెన్సు ప్రక్రియ ఎంత కఠినంగా ఉన్నా అసలు ముప్పు దాని బయటే ఉందన్న విమర్శకు ఈ లెక్కే ఆధారం. తమ దగ్గరా తుపాకీ ఉంటే ధైర్యంగా ఉంటుందని కొందరు అనుకోవడానికీ ఇదే కారణం.

ఆ ఆలోచన మీకూ ఉంటే రెండు విషయాలు తూకం వేసుకోండి. అపార్ట్‌మెంట్‌లో గురి తప్పిన .32 బుల్లెట్ కూడా చెక్క తలుపు, పలుచటి పార్టిషన్ దాటి పక్క గదిలోకి వెళ్లగలదు. ఆ గదిలో మీ పిల్లలుండొచ్చు, పొరుగువాళ్లుండొచ్చు. ఇక తూటాలతో సహా దిండు కింద పెట్టుకుంటే మీ కంటే ముందు పిల్లల చేతికి అందుతుంది, విడదీసి తాళం వేసి పెడితే అవసరానికి వెంటనే అందదు. ఈ చిక్కుముడికి ఏ బోర్‌లోనూ పరిష్కారం లేదు.

బెదిరింపులు వస్తుంటే ముందు చేయాల్సింది ఫిర్యాదు. 100 లేదా 112కు ఫోన్ చేయండి, స్టేషన్‌లో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. రేపు లైసెన్సుకు దరఖాస్తు చేసినా, ముప్పు నిజమని చూపడానికి మొదట పనికొచ్చేది ఆ కాగితమే.